మేకతో చెప్పిన మాటలు

అంబులెన్సు వీధి మొదట్లో నిలిచి హారన్ కొడుతున్నా, వాకిట్లో తగువు మాత్రం తెగలేదు.

గురువమ్మాళ్‌ను గోనెపట్టా మీద పడుకోబెట్టారు. కుడి చెయ్యి ఎవరో పక్కన పడేసిన గుడ్డలా ఉంది. నోరు ఎడమకు లాక్కుపోయింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు మెల్లగా తిరుగుతున్నాయి.

వేరు కాపురముంటున్న చిన్నకొడుకు మురుగేశన్ ఎక్కడ సంపాదించాడో, తీగసంచిలో రెండు పావురాలు తెచ్చాడు. ఒట్టపిడారం దాటాక ఒక పల్లెలో వైద్యుడున్నాడట. పావురం రక్తం వెచ్చగా ఉండగానే పడిపోయిన చేతికి రుద్దుతాడట. తన పెళ్లాం మేనమామను అలాగే లేపి నడిపించాడట. ఇదంతా అతను ఊపిరి తీసుకోకుండా చెబుతున్నాడు.

పెద్దకొడుకు సంగిలి మిల్లులో రాత్రి షిఫ్టు దిగి వచ్చి పడుకున్నవాడు, నిద్ర కళ్లతోనే లేచి వచ్చాడు. తమ్ముడి మాట కాదనడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. కూతురి మాట తీసెయ్యడమూ చేతకాదు. అందుకని తల్లి కాళ్ల దగ్గర కూర్చుని, ఆ కాళ్లను ఊరికే ఒత్తుతున్నాడు.

కూతురు శాంతిప్రియ మాత్రం స్ట్రెచర్ తెచ్చినవాళ్లకు దారి చేస్తోంది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె.

"చిన్నాయనా, పావురాలు రేపైనా ఉంటాయి. అవ్వకు రేపు ఉండాదో లేదో. జరుగు," అంది.

మురుగేశన్ జరిగాడు గాని, సంచి కింద పెట్టలేదు.

అప్పుడే సంగిలి భార్య సెల్వరాణి గేటు దగ్గరకు వచ్చింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి కబురు పోతే, పని మధ్యలో లేచి వచ్చిన మనిషి. చేతులకు ఇంకా జిగురు అంటుకుని ఉంది. అత్తను స్ట్రెచర్ మీదికి ఎత్తుతుంటే అందరూ ఒక చెయ్యి వేశారు, సెల్వరాణి తప్ప. ఆమె గేటు పట్టుకుని నిలబడి, వాకిట్లో తడి ఆరీ ఆరని ఒక మరక వైపే చూస్తోంది.

అది కాపి మరక అని ఆ ఇంట్లో ఆమెకు ఒక్కదానికే తెలుసు.

*

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా శాంతిప్రియ అవ్వ ఎడమ చెయ్యి పట్టుకునే కూర్చుంది.

కొన్ని నెలలుగా ఆమె విరుదునగర్ వీధుల్లో ఇదే పని మీద తిరుగుతోంది. అరవై దాటిన వాళ్లున్న ఇళ్లు వెతికి, పక్షవాతం ఎవరికైనా వచ్చిందా అని అడిగే సర్వే. తమిళం వాళ్ల ఇళ్లు, ఇంట్లో తెలుగూ బయట తమిళమూ మాట్లాడే తమలాంటి వాళ్ల ఇళ్లు, కన్నడం వాళ్లవి, ఉర్దూ వాళ్లవి, నేతపని చేసే సౌరాష్ట్రుల ఇళ్లు. అందరూ మొదట ఒకే జవాబు చెబుతారు, మా ఇంట్లో ఎవరికీ లేదని. తాగడానికి నీళ్లు ఇచ్చేటప్పుడు, తెర పక్కకు జరిగి, లోపల మంచం మీద ముడుచుకుపోయిన చెయ్యి ఒకటి కనిపిస్తుంది. అడిగితే అది పక్షవాతం కాదంటారు. ఒకరింట్లో అది వాతం, ఒకరింట్లో గాలి, ఒకరింట్లో లక్వా, ఇంకొకరింట్లో అమ్మవారి కోపం. పేరే మారుతుంది. చెయ్యి అన్ని ఇళ్లలోనూ ఒకేలా ముడుచుకుంటుంది.

అన్ని ఇళ్లలో అడిగింది గాని, తన ఇంట్లో అవ్వ బీపీ మాత్రలు వేసుకుంటోందా లేదా అని అడగడానికి శాంతిప్రియకు తీరలేదు. అడిగినా అవ్వ మేకతోనే చెప్పి ఉండేది.

ఆ ఇంట్లో మాటలన్నీ మేక మీదుగానే నడుస్తున్నాయి. పోయిన ఏడాది ఇలవేల్పు జక్కమ్మ కొలుపు నాటి నుంచి అదే వరస. కొలుపులో పొంగలి కుండ మోయడం పెద్దకోడలి హక్కు. గురువమ్మాళ్ ఆ కుండను నలుగురి ఎదుట చిన్నకోడలి నెత్తిన పెట్టింది. ఎందుకు పెట్టిందో చెప్పలేదు. సెల్వరాణి అడగనూ లేదు. ఆ రోజుతో అత్తాకోడళ్ల మధ్య మాట నిలిచిపోయింది.

కాని ఒకే కప్పు కింద మాటల్లేకుండా ఎలా గడుస్తుంది? అందుకని అత్త ఇంటి మేకను పట్టుకుని అడిగేది, "ఏమే, ఈ ఇంట్లో ముసలిది ఒకతి ఉండాదని ఎవురికైనా తలపు ఉండాదా?" అని. సెల్వరాణి కాపి లోటా అరుగు మీద పెట్టి అదే మేకతో చెప్పేది, "ఆడ పెట్టుండాను. ఆరిపోతే నన్ను అనొద్దు" అని. మేక ఇద్దరి మాటలకూ ఒకేలా తల ఊపేది. చూసిన ఇరుగుపొరుగు మొదట్లో నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు.

*

పెద్దాసుపత్రిలో స్కాన్ తీసి, గురువమ్మాళ్‌ను గాజు తలుపుల గదిలోకి తీసుకెళ్లారు. బయట వరండాలో బల్లల నిండా ముసలివాళ్లు, వాళ్లను పట్టుకున్న పిల్లలు. ఒక పక్క తమిళం, ఒక పక్క ఉర్దూ, ఎవరో కొండ దిగువ వత్రాప్ నుంచి తండ్రిని భుజం మీద మోసుకొచ్చినవాళ్లు. శాంతిప్రియకు తను తిరిగిన వీధులన్నీ ఇక్కడికి వచ్చి కూర్చున్నట్టు అనిపించింది.

సంగిలి, సెల్వరాణి, మురుగేశన్ వెనకనే అద్దెకారులో వచ్చి చేరారు. మురుగేశన్ సంచితో లోపలికి రాబోతే వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. సంచిలో ఏమిటని అడిగితే కోళ్లు అన్నాడు. అంతలో పావురం కూసింది. వాచ్‌మన్ అతని మొహం ఒకసారి, సంచి ఒకసారి చూసి, పాపం అనుకున్నాడో ఏమో, గోడవారగా పెట్టుకొమ్మన్నాడు.

డాక్టరు మహేశ్వరిప్రియ చిన్న వయసు మనిషి. తమిళంలో గురువమ్మాళ్‌ను చెయ్యి ఎత్తమంది. గురువమ్మాళ్ ఆమె మొహం చూస్తూ ఉండిపోయింది. శాంతిప్రియ అదే మాట ఇంటి బాసలో చెబితే ఎడమ చెయ్యి లేచింది. డాక్టరు తల ఊపి, ఇంటివాళ్లందరినీ తలుపు బయటకు పిలిచింది.

ఆమె నిదానంగానే చెప్పింది. తలలో రక్తనాళం ఒకటి మూసుకుపోయింది. దాన్ని కరిగించే ఇంజెక్షను ఉంది. మనిషి పడిపోయిన నాలుగున్నర గంటల లోపల ఇస్తే చెయ్యి, మాట తిరిగి రావచ్చు. ఆ గడువు దాటాక ఇస్తే మేలుకంటే కీడే ఎక్కువ, తలలో రక్తం చిమ్మి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని ఒక్కటే తెలియాలి. ఆమె చివరిసారి ఎప్పుడు బాగుంది?

మిల్లు రెండో సంగు ఊదినప్పుడు తాను పెరట్లోకి వెళ్లాననీ, అవ్వ అప్పటికే కిందపడి ఉందనీ శాంతిప్రియ చెప్పింది. కోవిల్‌పట్టిలో ఆ వీధుల వాళ్లకు మిల్లు సంగులే, అంటే సైరన్లే, గడియారం. తెల్లవారగానే మొదటిది ఊదుతుంది, బళ్లకు పిల్లలు బయల్దేరే వేళకు రెండోది.

"రెండో సంగు ముందర దాకా బాగుండె," అన్నాడు మురుగేశన్ వెంటనే.

ఎవరు చూశారని డాక్టరు అడిగింది. ఇంట్లో అందరూ చూస్తూనే ఉంటారు కదా అన్నాడు అతను. అందరూ కాదు, చూసిన మనిషి ఒకరు కావాలంది ఆమె. సంగిలి తాను నిద్రలో ఉన్నానన్నాడు. శాంతిప్రియ స్నానానికి నీళ్లు కాచుకుంటున్నానంది. మురుగేశన్ గోడవారన పెట్టిన సంచి దగ్గరకు పోయి పావురాలను చూశాడు.

సెల్వరాణి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చీర కొంగుతో వేళ్లకు అంటిన జిగురు గీరుతోంది. అది ఎప్పుడో ఊడిపోయింది. అయినా గీరుతూనే ఉంది.

నోరు తెరవకపోతే మురుగేశన్ మాట మీదే ఇంజెక్షను ఇచ్చేస్తారేమో. తెల్లవారినప్పటి సంగతి ఎవరికీ తెలియదు. కాని ఆ సూది అత్త తలలో రక్తం చిమ్మిస్తే? నోరు తెరిస్తే సూది లేదు. అత్త జీవితమంతా అలాగే మంచాన ఉంటుంది, అందుకు తానే కారణమని ఊరంతా అంటుంది. ఏది జరిగినా అది తన నోటి నుంచే జరుగుతుంది. ఏడాదిగా మూసుకున్న నోరు.

"నేను చూస్తిని," అంది.

అందరూ తిరిగారు. ఆమె డాక్టరుతో తమిళంలో మొదలుపెట్టింది గాని రెండు మాటలకే ఇంటి బాసలోకి వచ్చేసింది. కూతురి మొహం చూస్తూ చెప్పింది.

"మొదటి సంగప్పుడే. కాపి పెట్టి ఎప్పటి మాదిరే మేకతో చెప్తిని. అత్త లోటా పట్టుకోబొయ్యె, పట్టు దొరకలా, కిందపడె. నా మీది కోపంతో ఇసిరికొట్టెననుకొంటిని. నన్ను చూసి నోరు వంకర పెట్టె. వెక్కిరిస్తా ఉండాదనుకొంటిని." ఆగింది. "కాపి మింద ఒక చెంబు నీళ్లు కుమ్మరించి, పోయి ఫ్యాక్టరీ వేన్ ఎక్కితిని."

శాంతిప్రియ ఆ మాటలను తమిళంలో డాక్టరుకు చెప్పాల్సి వచ్చింది. వెక్కిరింపు అనే మాట దగ్గర ఆగింది. మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేసింది.

సంగిలి భార్య వైపు చూడలేదు. నేల మీద గళ్లు చూస్తూ, ఈ మాట ఇంట్లోనే చెప్పి ఉండొచ్చు కదా అని మాత్రం గొణిగాడు. ఏ ఇంట్లో చెప్పేదని ఆమె అడిగింది.

దానికి పలికింది మురుగేశన్. గొంతు హెచ్చలేదు, అదే నయం. "కండ్లారా చూసి పోతివా వదినా? మేకకు పొట్ట ఉబ్బినా పని మానుకుని ఇంట్లో ఉంటాము. కుండ చేతికి రాలేదని మా అమ్మను ఇట్ల చేస్తివి."

సెల్వరాణి జవాబు చెప్పలేదు. ఈసారి ఆ ఊరుకోవడంలో కోపం లేదు. అది మురుగేశన్‌కూ తెలిసినట్టుంది. ఇంకేదో అనబోయి, వంగి పావురాల సంచి మూతి సరిచేశాడు.

డాక్టరు గోడ గడియారం చూసింది. మొదటి సంగు నుంచి లెక్క వేస్తే, మందు కలిపేలోపే గడువు అయిపోతుందని చెప్పింది. వెళ్లబోయింది. తలుపు దగ్గర ఆగి, ఇంకొక మాట అడిగింది.

కొందరికి ఆ అడ్డు దానంతటదే వీడిపోతుంది. మనిషి పూర్తిగా మామూలు అయిపోతుంది, ఏమీ జరగనట్టే. తర్వాత మళ్లీ మూసుకుంటుంది. అలా జరిగి ఉంటే లెక్క రెండోసారి నుంచి. మొదటి సంగు తర్వాత ఆమె మామూలుగా నడవడం, మాట్లాడడం ఎవరైనా చూశారా?

సంచిలో పావురాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

శాంతిప్రియ ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు కళ్లు మూసుకుంది.

"అమ్మా, పొద్దున మేకను ఎక్కడ కట్టితివి?"

వాకిట్లో కొళాయి దగ్గర, రోజూ కట్టే చోటే అంది సెల్వరాణి.

కాని శాంతిప్రియ పెరట్లోకి వెళ్లేటప్పటికి మేక మునగచెట్టు కింద ఉంది. ముందర కొత్తగా విరిచి వేసిన ఆకు ఉంది. అవ్వ దాని పక్కనే పడి ఉంది. అవ్వను లేపుతుంటే మేక అడ్డం వచ్చిందని తాడు విప్పబోయింది, ముడి రాలేదు. అది అవ్వ ముడి. ఎన్నో ఏళ్లు అగ్గిపెట్టెల కట్టలు కట్టి కట్టి, మేకనైనా బిందెనైనా మంచినీళ్ల గొట్టాన్నైనా అదే ముడితో కట్టేది. ఇంట్లో ఇంకెవరికీ పడేది కాదు. రెండు చేతులూ, పది వేళ్లూ సరిగ్గా ఉంటే తప్ప పడేదీ కాదు.

డాక్టరు శ్రద్ధగానే విన్నది. కాని ముడిని నమ్మి మందు ఇవ్వలేనంది. మాట విన్న మనిషి కావాలి.

సంగిలి తల ఎత్తాడు. పొద్దుటి నుంచి నోరు మూయని తమ్ముడు కాసేపటిగా ఒక్క మాటా అనలేదని అతనికి అప్పుడు తట్టింది.

"ఏమిరా, పొద్దున ఇంటికి వస్తివా?"

మురుగేశన్ సంచి వైపే చూస్తున్నాడు.

"నిన్నే అడిగేది."

"వస్తిని," అన్నాడు చివరికి.

అతను వదిన వేన్ ఎక్కిపోయాక వచ్చాడు. కొలుపు దగ్గరపడింది. ఈ ఏడు కూడా కుండ తన పెళ్లానికే ఇమ్మని అడగడానికి వచ్చాడు. పెళ్లాం పోరుపెట్టి పంపింది. అమ్మ అప్పుడు మునగాకు విరుస్తోంది.

"బాగుండెనా?" అన్నాడు సంగిలి.

"బాగుండె. మేకను ఈడ్చుకొచ్చి కట్టె. కట్టతానే నాతో చెప్పె." అతను ఆగాడు. వదిన వైపు చూడకుండా, గాజు తలుపుకు చెబుతున్నట్టు చెప్పాడు. "పోయిన యేడు తప్పు చేస్తినిరా, ఈ యేడు కుండ పెద్దకోడలిదే, దానితో నేనే చెప్తాను, నువ్వు పో అనె. తెల్లంగా చెప్పె. నాకు తిక్క పట్టె. గట్టిగా అరిచి, గేటు ఇసిరి పోతిని. నేను అరిచినందుకే పడిపొయ్యెనని మీరంతా అంటారని…"

అతను చేత్తో మొహం తుడుచుకున్నాడు.

డాక్టరుకు కుండతో పని లేదు. నోరు తిన్నగా ఉందా, నడకలో తడబాటు ఉందా, మాట ముద్దగా ఉందా అని ఒక్కొక్కటీ అడిగింది. అన్నిటికీ అతను సరిగ్గానే జవాబిచ్చాడు. అది ఏ వేళ అని అడిగితే సంగుల మధ్య అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చి జేబులోంచి ఫోన్ తీశాడు. పొద్దున గేటు దాటగానే పెళ్లానికి ఫోన్ చేశాడు. డాక్టరు ఆ ఫోన్‌లో వేళ చూసింది, గోడ గడియారం చూసింది, లోపలికి కేకేసింది.

ఇంకా గడువుంది. ఎక్కువ లేదు.

మందు పనిచేయకపోవచ్చనీ, గడువులోపల ఇచ్చినా కొందరికి రక్తం చిమ్మే ప్రమాదం ఉందనీ ఆమె మళ్లీ చెప్పింది. సంగిలి కూతురిని చూశాడు. శాంతిప్రియ తల ఊపింది. తర్వాత అతను, ఏ అలవాటు లేని పనో చేస్తున్నట్టు, భార్య వైపు తిరిగి, ఏమంటావని అడిగాడు.

"ఇయ్యమను," అంది సెల్వరాణి.

*

మందు బొట్టుబొట్టుగా దిగుతోంది. పక్కన ఒకరు ఉండి, ఆమెకు తెలిసిన బాసలో మాట్లాడుతూ ఉండాలనీ, తలనొప్పి అన్నా, వాంతి వచ్చినా, మత్తుగా జారిపోతున్నా వెంటనే పిలవాలనీ నర్సు చెప్పింది.

శాంతిప్రియ లోపలికి వెళ్లబోయి ఆగింది. అమ్మను చూసింది. ఏమీ అనకుండా తలుపు తెరిచి పట్టుకుంది.

వెనక వరండాలో మురుగేశన్ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వదిన తన ముందునుంచి పోతుంటే కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

సెల్వరాణి మంచం పక్కన నిలబడింది. గదిలో మిషన్లున్నాయి, తెరలున్నాయి, అవతలి మంచం మీద ఎవరో ముసలాయన ఉర్దూలో ఎవరినో పిలుస్తున్నాడు. మేక లేదు. అత్తకూ తనకూ మధ్య ఎవరితో చెప్పి ఏ మాట అనాలో ఆమెకు తోచలేదు. చాలాసేపు మంచం ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడింది. దానితోనైనా చెప్పేయవచ్చు అనిపించింది ఒక క్షణం.

"అత్తా," అంది.

గురువమ్మాళ్ కళ్లు తిరిగాయి.

"నేను. పెద్దదాన్ని." కడ్డీ వదిలి దగ్గరకు జరిగింది. "నాతో ఏమో చెప్పాలంటివంట. చెప్పు. మేకతో వద్దు. నాతోనే చెప్పు."

గురువమ్మాళ్ ఆమె మొహం వైపే చూస్తోంది. ఎడమ చెయ్యి దుప్పటి మీద కొంచెం జరిగింది. మిషను కూత ఒకసారి తప్పి, మళ్లీ సర్దుకుంది. సెల్వరాణి నర్సును పిలవడానికి తిరగబోయి, ఆగింది.

ఆ వంకర నోరు కదిలింది.

అది మాటో, వెక్కిరింపో, లోపల రక్తం చిమ్ముతోందో, ఆమెకు ఈసారి కూడా తెలియలేదు. కాని ఈసారి ఆమె అక్కడినుంచి పోలేదు. ఒక చేత్తో అత్త చెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి తలుపు వైపు ఊపుతూ, కూతురి పేరు పెట్టి గట్టిగా పిలిచింది.